రంగూను పటములలోని మనవారు

రంగూను నగరమును నూరేండ్లకు పూర్వము చూపు ఛాయాపటములు నేడు అనేక స్థలములలో భద్రమై యున్నవి. లండనులోని జాతీయ పత్రాగారమునందు కొన్ని, బ్రిటిషు గ్రంథాలయమునందు కొన్ని, పాత వస్తువులను కూర్చువారి యిండ్లలో కొన్ని కలవు. వానిలో పెక్కు అంతర్జాలమున కెక్కినందున శ్రీకాకుళపు పల్లెలో కూర్చున్న బాలుడు సైతము వానిని క్షణములో చూడవచ్చును. చూచినచో నతనికేమి కనబడును? ష్వేడగాన్ బంగారు పగోడా కనబడును. నదియొడ్డున స్ట్రాండు రోడ్డు, ఆ రోడ్డు వెంబడి కచ్చేరీలు, హోటళ్లు, వర్తక సంఘముల మేడలు కనబడును. టేకు దూలములను తొండములతో నెత్తి పేర్చు ఏనుగులు కనబడును. ఇంకను పరికించి చూచినచో, పటపు మూలను, బస్తాను వీపుపై మోయుచు వంగియున్న మనుష్యుడు కనబడును. రిక్షా కొయ్యల నడుమ నిలిచి బాడుగకై యెదురుచూచు మనుష్యుడు కనబడును. ఆ మనుష్యుడు, నూటికి ఎక్కువపాళ్లు, మనవాడు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల నుండి పడవ యెక్కిపోయిన తెలుగువాడు.

మేడకు పేరున్నది. వీధికి పేరున్నది. పటము తీసినవాని పేరును తెలిసియే యున్నది. ఆ మనుష్యునికి మాత్రము పేరు లేదు. ఇది చిన్న విషయమని మేమనుకొనము.

ఆ పటములు తీసినవారిలో ముఖ్యుడు ఫిలిప్ క్లియర్ అను జర్మనీ దేశస్థుడు. ఇతడు మొదట మౌల్మేనులోను, పిమ్మట రంగూనులోను దుకాణము పెట్టి 1911 లో మరణించువరకు బర్మాను పటములలో కెక్కించెను. అనంతరము డి. ఎ. అహూజా అను మన దేశస్థుడే రంగూనులో వ్యాపారము చేసి, రంగులద్దిన తపాలాకార్డులను వేలకొలదిగా ప్రచారము గావించెను. వీరిరువురును పనితనము తెలిసినవారే. కాని వీరు ఎవరికొరకు పటములు తీసిరో దానినిబట్టియే ఏమి తీయవలెనో నిర్ణయమైనది. కొనువారు దొరలు, వర్తకులు, ఓడ దిగి వారమురోజులుండి పోవు యాత్రికులు. వారికి కావలసినవి వింతలు. ఏనుగు యొక వింత. పగోడా యొక వింత. కూలివాడును ఒక వింతయే. వింతకు జాతిపేరు చాలును, సొంతపేరు అక్కరలేదు. కావుననే పటము క్రింది వ్రాతలలో కచ్చేరీ యే కచ్చేరీయో తెలియును గాని, కూలి యే కూలియో తెలియదు.

ఇప్పుడు ఆ మనుష్యుడు అచ్చటికెట్లు చేరెనో చెప్పవలసియున్నది. 1852 లో ఆంగ్లేయులు రంగూనును పట్టుకొని, నదియొడ్డున చదరంగపు గడులవలె వీధులు గీచి క్రొత్త నగరమును నిర్మించిరి. 1869 లో సూయజు కాలువ తెరవబడిన పిమ్మట బర్మా బియ్యమునకు ఐరోపాతోడి దారి దగ్గరయైనది. ఐరావతి ముఖద్వారమునందలి అడవులు కొట్టి మాగాణములు చేసిరి. నగరమున బియ్యపు మిల్లులు లేచెను. రేవులో ఓడలు వరుసకట్టెను. ఇన్నిటికిని చేతులు కావలెను. మన తీరమున భూమిలేని చేతులును, అప్పులలో మునిగిన చేతులును, కరవుల పాలైన చేతులును కావలసినన్ని యుండెను. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, గోపాలపురము రేవులనుండి బ్రిటిషిండియా కంపెనీ పొగయోడలు వీరిని డెక్కుమీద నెక్కించుకొని సముద్రము దాటించెను. కోతలకు పోయి, మిల్లులలో పనిచేసి, రెండుమూడేండ్లకు తిరిగివచ్చుట, మరల పోవుట - ఇది తరతరముల వాడుకయైనది. మన పల్లెలలో రంగూనను మాట యెవరును పలుకలేదు. రంగము అనియే పలికిరి. "రంగము పోయినాడు" అను మాటలో ఆశయు, భయమును రెండును కలిసియుండెను.

1920 ల చివరి యేండ్లలో రంగూను రేవున ఏటేటా మూడు లక్షలకు పైబడిన భారతీయులు దిగుచుండిరి. 1931 జనాభా లెక్కనాటికి రంగూను జనసంఖ్య నాలుగు లక్షలు. అందు సగమునకు మించి, అనగా రెండులక్షల పండ్రెండువేల మందికి పైగా, భారతీయులే. బర్మా దేశము మొత్తముమీద తెలుగువారే లక్షన్నర మంది యుండిరి. రేవులో బస్తా మోసినవాడు, మిల్లులో ధాన్యము పోసినవాడు, రిక్షా లాగినవాడు, వీధి యూడ్చినవాడు - వీరిలో తెలుగువాడు లేని పని యొక్కటియు లేదు. ఒక గదిలో నొకరి పిమ్మట నొకరు వంతులవారీగా నిద్రించిరి. మేస్త్రీ యిచ్చిన బయానాకు లొంగి, మేస్త్రీ కోసుకొనగా మిగిలిన కూలితో బ్రదికి, మిగిల్చిన నాలుగు రూపాయలను మనియార్డరు చేసిరి. మన తీరమున రంగము సొమ్ముతో కట్టిన పెంకుటిండ్లును, కొనిన మడిచెక్కలును ఎన్ని గలవో లెక్కించినవారు లేరు.

వీరికి రంగూనులో పెట్టబడిన పేరు కొరంగీలు. కాకినాడ ప్రక్కనున్న కోరంగి రేవు పేరది. 1789 లోను 1839 లోను ఉప్పెనల పాలై ఆ రేవు చితికిపోయినది. రేవు పోయినను పేరు మిగిలెను. శ్రీకాకుళమునుండి వచ్చినవాడును కొరంగీయే, తునినుండి వచ్చినవాడును కొరంగీయే. ఊరి పేరు పోయినది, తండ్రి పేరు పోయినది, తనకు తల్లి పెట్టిన పేరును పోయినది. మునిగిపోయిన యొక రేవు పేరు మాత్రము నెత్తిన కెక్కినది.

ఇచ్చట పాఠకులు ఒక సంగతిని గమనింప వేడుచున్నాము. ఇదే తీరమునుండి, ఇదే విధమైన బీదలు, మారిషసు ద్వీపమునకును దక్షిణాఫ్రికాలోని నేటాలునకును పోయిరి. మారిషసునకు 1834 మొదలు సుమారు తొమ్మిది దశాబ్దములలో నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు చెరకు తోటల ఒడంబడిక కూలికి పోయిరి. అచ్చట మోకా గ్రామమునందలి మహాత్మాగాంధీ సంస్థలో వారి దప్తరములు నేటికిని భద్రముగా నున్నవి. వానిలో కూలివాని పేరున్నది, తండ్రి పేరున్నది, ఊరున్నది, కులమున్నది, ఎత్తున్నది. 1860 ల నుండి అనేకులకు ఛాయాపటముకూడ నున్నది. నేటాలునకు 1860 - 1911 నడుమ పోయిన లక్షాయేబదిరెండు వేల మందికిని ఓడలవారీగా పట్టికలున్నవి. తెలుగు పల్లెల పేర్లు వానిలో కొల్లలు. నేడు మారిషసునుండి గాని దర్బనునుండి గాని యొక గృహస్థుడు బయలుదేరి, కాగితము చేతబట్టుకొని, తన ముత్తాత యూరిని వెదకికొనుచు మన మండలములకు రాగలడు. అట్లు వచ్చినవారును గలరు.

రంగమునకు పోయినవారికి ఈ భాగ్యము లేదు. కారణమేమి? బర్మా 1937 ఏప్రిలు 1 వ తేదీ వరకు భారతదేశములో నొక రాష్ట్రము. కాకినాడనుండి రంగూను పోవుట చట్టము దృష్టిలో విదేశయానము కాదు. ఒక యూరినుండి మరియొక యూరికి పోవుట వంటిదే. కావున వలస చట్టములు వర్తింపలేదు. 1870 లలో సర్కారు వారు కొంతకాలము కూలీలను చేర్చి పంపు ఏర్పాటు చేసి చూచిరి గాని అది నిలువలేదు. ఆ పిమ్మట మేస్త్రీయే సర్కారు. డెక్కు టిక్కెట్టు కొన్నవాడు ఒక సంఖ్య, అంతే. ఒడంబడిక కూలి నిర్బంధములో నుండెను గావున పారిపోకుండ పట్టుకొనుటకై వాని పేరు వ్రాసిరి, మొగము పటము తీసిరి. రంగము కూలి స్వేచ్ఛాజీవి యనబడెను గావున వాని పేరు వ్రాయవలసిన యవసరము ఎవరికిని కలుగలేదు. అచ్చట సంకెల పేరును నిలిపినది. ఇచ్చట స్వేచ్ఛయను మాట పేరును మింగినది. రెండిటిలోను పాలకునికి కావలసినది పనియే గాని మనుష్యుడు కాడని వేరుగ చెప్పవలెనా?

కాగితములే లేవని కాదు. కాగితములు గుట్టలుగా నున్నవి. జనాభా లెక్కలున్నవి, రేవు లెక్కలున్నవి, 1931 లో వెలువడిన విట్లీ కార్మిక సంఘపు నివేదికయున్నది, రంగూనులోని భారతీయ కూలీలను గూర్చి ఆండ్రూ 1933 లో ప్రకటించిన గ్రంథమున్నది, భారతీయుల వలసను గూర్చి బాక్స్టరు సమర్పింపగా 1941 లో ప్రకటింపబడిన నివేదికయున్నది. ఓడకు ఎందరు, గదికి ఎందరు, రోజుకు ఎంత కూలి, మేస్త్రీకెంత - అన్నియు వానిలో గలవు. వానిని తిరస్కరింప మేము చెప్పుటలేదు. అవి లేనిచో మేస్త్రీ దోపిడిని నేడు రుజువు చేయుటయే కష్టమగును. మన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు చరిత్రాచార్యులుగా పనిచేసిన ఆడపా సత్యనారాయణగారు ఈ వలసలను గూర్చి చేసిన కృషి యిట్టి కాగితములను ఓపికతో చదివినందుననే సాధ్యమైనది. కాని సంఖ్య మనుష్యుని స్థానమును పూరింపజాలదు.

1930 మే నెల సంగతి చూడుడు. రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె కట్టిరి. గుత్తదారులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరినంతనే, మే 26 వ తేదీన, తెలుగువారిని మరల పిలిచి బర్మీయులను పొమ్మనిరి. బీదవానికిని బీదవానికిని పోరు పుట్టినది. కొన్నిదినములపాటు రంగూను వీధులలో తెలుగువారిని వెంటాడి చంపిరి. మరణములు నూటికి పైబడినవని సర్కారు లెక్కయే యొప్పుకొన్నది. అనధికారముగా చెప్పినవారు అంతకు రెండుమూడింతలు చెప్పిరి. గుత్తదారుడు ఏ లెక్కలోను పడలేదు. చచ్చినవారిలో ఏ యూరివాడెవడు? ఆ వార్త ఏ యింటికి చేరినది, ఏ యింటికి చేరనేలేదు? భర్త రంగమునుండి వచ్చునని యెన్నియేండ్లు ఏ ముత్తైదువ బొట్టు తుడువక కనిపెట్టుకొనియుండెను? నివేదికలలో దీనికి సమాధానము లేదు.

పేరు చెరపుట పాలకులకు తెలియని విద్య కాదు. ఢిల్లీ పాదుషా బహదూరుషాను 1858 లో రంగూనునకు ప్రవాసము పంపిరి. 1862 నవంబరు 7 వ తేదీన ఆ వృద్ధుడు మరణింపగా, ఆ రోజే పాతిపెట్టి, చుట్టును వెదురు దడి కట్టి, దడి చివుకుసరికి గడ్డి కప్పివేయుననియు, గురుతేమియు మిగులదనియు కావలియధికారి సంతృప్తితో వ్రాసికొనెను. ఆ సమాధి యుండుచోటు నిశ్చయముగా తెలియుటకు 1991 వరకు పట్టినది. చక్రవర్తి సమాధికే గడ్డి కప్పదలచినవారు కూలివాని పేరు నిలుపుదురా?

ఉన్న కాగితములలోను కొంత అగ్నికి ఆహుతియైనది. 1941 డిసెంబరు 23 వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు కురిపించిరి. వేడుక చూచుచు వీధులలో నిలిచినవారును, రేవు కూలీలును గుంపులుగా మడిసిరి. 1942 మార్చి 8 వ తేదీనాటికి నగరము జపానువారి వశమైనది. నాలుగైదు లక్షలమంది భారతీయులు ఓడలలోను, ఓడలో చోటు దొరకనివారు అరకాను కొండలమీదుగను, మణిపురపు అడవులగుండను కాలినడకను బయలుదేరిరి. దారిలో పడిపోయినవారు పదులవేలు. వారి లెక్కయు ఉజ్జాయింపే. మిగిలినవారిలో అనేకులు 1962 సైనిక విప్లవము తరువాత, 1964 లో దుకాణములు జాతీయము చేయబడి, ఏబది, నూరు చాట్ల నోట్లు రద్దు చేయబడగా, వట్టిచేతులతో ఓడ దిగిరి. విశాఖపట్టణములో కంచరపాలెమువద్ద బర్మా క్యాంపు అను పేరు నేటికిని ఆ కథను చెప్పుచున్నది.

అట్లయిన ఆ పేర్లు ఎచ్చటనున్నవి? లండనులో లేవు. రంగూను కచ్చేరీలలోను లేవు. మన యిండ్లలో నున్నవి. అటకమీది రేకుపెట్టెలో పసుపుపచ్చనైన కార్డుముక్కలో నున్నవి. మనియార్డరు కూపనుపై నాలుగు పంక్తుల వ్రాతలో నున్నవి. రంగూను స్టూడియోలో అద్దె కోటు తొడిగికొని, చేతి గడియారము కనబడునట్లు చేయి మోకాలిపై నుంచి తీయించుకొన్న పటములో నున్నవి. అదియే కెమెరా, అదియే నగరము; కాని ఈ పటములో మన కూలి వింతగా నిలువలేదు, మనుష్యుడుగా కూర్చున్నాడు. తాను పంపదలచిన మొగమును తానే యెంచుకొన్నాడు. బర్మాలో లూకాస్ బిర్క్ అను ఆస్ట్రియా దేశస్థుడు 2013 మొదలు ఇట్టి స్థానిక స్టూడియోల పటములను చెత్తకుప్పల పాలుగాకుండ కూర్చి ఒక భాండాగారమునే నెలకొల్పెను. పరదేశీయుడు చేయగలిగినది మనము చేయలేమా?

దీనికి రెండు ఆక్షేపణలు రాగలవు. దొరతనమువారు తమ వైభవమును చాటుకొనుటకు తీయించిన పటములతో మనకేమి పనియని యొకటి. తీసినవాని ఉద్దేశమునకు పటము బందీ కానేరదని మా సమాధానము. మేడను చూపదలచి తీసిన పటములో మేడను మోసినవాడును పడినాడు. మేడను వారు చూచికొనిరి. మోసినవానిని మనము చూచెదము.

రెండవది బర్మీయులు చెప్పదగిన ఆక్షేపణ. దానిని మనము వినయముతో వినవలెను. కొరంగీ కూలి చౌకగా దొరకినందున బర్మీయుని కూలి పడిపోయినది. మనదేశపు చెట్టిలు ఋణములిచ్చి, 1930 ల ధరల పతనములో, దిగువ బర్మాలోని ముఖ్యమైన వరిమండలముల భూమిలో సుమారు నాలుగవవంతు వశపరచుకొనిరి. తన రాజధానిలోనే తాను మైనారిటీయైన జాతి మనసులో మంట పుట్టుట సహజము. కావున మన చరిత్రను మనము కన్నీటితో మాత్రమే వ్రాసికొనరాదు. మనవాడు పీడితుడు, మరియొక పీడితుని కడుపుమీద కొట్టుటకు ఉపయోగింపబడిన కొరడాయును అతడే. రెండును నిజములే. రెండును వ్రాయనిచో మనము చేయునదియు మరియొక విధమైన తపాలాకార్డే యగును.

ఇక కర్తవ్యము. మన ప్రభుత్వములు లండనులోని పటములకును, చెన్నపట్టణపు ఎగ్మూరు పత్రాగారములోని పాత రాజధాని కాగితములలో మన రేవులకు సంబంధించినవానికిని ప్రతులు తెప్పించి, తెలుగు వివరణలతో విశాఖలోను కాకినాడలోను ప్రజలకందుబాటులో నుంచవలెను. గంజాము 1936 లో ఒరిస్సాలో చేరినందున ఆ ప్రభుత్వముతో కలిసి పనిచేయవలెను. ప్రతులకై పరదేశములకు దేహీయనవలసివచ్చుట అవమానమే. అసలు కాగితములను మనయింటనే చెదలకు విడిచిపెట్టుట అంతకు మించిన అవమానము.

కాని ప్రభుత్వముల కొరకు కనిపెట్టుకొని కూర్చుండదగిన పని కాదిది. రంగమునుండి నడచివచ్చిన తరమువారు ఇంచుమించు గతించిరి. 1964 లో ఓడ దిగిన బాలురు నేడు వృద్ధులు. ఇచ్ఛాపురము మొదలు కాకినాడ వరకు ప్రతి గ్రంథాలయమును, ప్రతి పఠనమందిరమును ఒక్క పుస్తకమును తెరువవలెను. అందు ఆరు గడులు చాలును: పేరు, తండ్రి పేరు, ఊరు, పోయిన రేవు, చేసిన పని, తిరిగివచ్చినదియు రానిదియు. ఇంటివారి పటమును, ఉత్తరమును వారియెదుటనే ప్రతితీసి, అసలును వారి చేతికే మరల ఇచ్చివేయవలెను; కాగితము వారి సొత్తు. తెలియనిచోట తెలియదని వ్రాయవలెను గాని, కథకు సొగసు వచ్చునని కల్పించి వ్రాయరాదు. పటములోని యజ్ఞాత పురుషునికి మన తాత పేరు తగిలించి సంతోషించుటయు తగదు. ఒక అబద్ధమును మరియొక అబద్ధముతో దిద్దలేము.

ఈ పనివలన పటములోని ఆ బస్తామోతవానికి పేరు దొరకుననియు మేము హామీ ఇయ్యలేము. బహుశః ఎన్నటికిని దొరకదు. కాని అతనితో ఓడ యెక్కినవారి పేర్లు వేయి దొరకును, పదివేలు దొరకును. ఆ పేర్ల పట్టికను ప్రక్కనుంచుకొని ఆ పటమును చూచినవాడు మరల వానిని వింతగా చూడజాలడు. రంగమునుండి చివరి యుత్తరము వచ్చిన యిల్లు మీ వీధిలోనే యుండవచ్చును. నేటి సాయంకాలమే పోయి తలుపు తట్టుడు.